గురవమ్మ ఇంటి మలుపు

"ఈ గీత చెరిపెయ్ పాపా. గురవమ్మ ఇంటి నడుమ నుంచి పోతాండాది."

అబ్దుల్ వాహిద్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోన్‌ను ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టుకున్నాడు. పక్కన సగం కుట్టిన పరుపు, దానికి గుచ్చిన సూది. ప్రొద్దుటూరులో పరుపుల వాహిద్ అంటే చాలామందికి తెలుసు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషని కూడా తెలుసు.

"నేరుగా పోతే తొందరగా పోతాం కదా నాయనా," అంది కూతురు కౌసర్. "గురవమ్మవ్వ ఇప్పుడు కమలాపురంలో ఉండాది. ఆ ఇంట్లో ఎవరుండారని?"

"ఎవరూ లేకుంటే ఇల్లు ఆమెది కాకుండా పోతాదా? పిలవని ఇంట్లోకి ఎట్లా దూరేది? పీర్ల చావిడి కాడ తిప్పు. ఆమె వాకిలి ముందర నుంచి, బడి గోడెంబడి పోవాల."

కౌసర్ గీత చెరిపి మళ్ళీ గీసింది.

ఊరు ఖాళీ చేసి ఏళ్ళయింది. అందరూ తలో దిక్కుకు వెళ్ళిపోయారు. వాహిద్ భార్య షాహీదాబీ ఒక్కతే అక్కడి ఖబరస్తాన్ మట్టిలో ఉండిపోయింది. చనిపోయినవాళ్ళను తలుచుకునే షబే బరాత్ వస్తోందంటే ఆమె దగ్గర ఫాతిహా చదివి, పూలు పెట్టి రావాలని వాహిద్ ప్రాణం కొట్టుకుంటుంది. పోయినేడు తండ్రీ కూతుళ్ళు వెళ్ళారు గానీ ఆమె ఖబర్ ఎక్కడుందో పోల్చుకోలేకపోయారు. ఊరి గుర్తు ఒక్కటీ మిగల్లేదు. ఫోన్‌లోని పాత మ్యాపు "తిరిగి రోడ్డు మీదికి వెళ్ళండి" అని ఒకటే పోరు పెట్టింది. చివరికి తోచిన చోట ఆగి చదివేసి వచ్చారు. అప్పటినుంచి ముసలాయనకు మనసు మనసులో లేదు.

"యాడ చదివినా అమ్మకు చేరతాదిలే నాయనా," అని కౌసర్ ఎన్నిసార్లు చెప్పిందో.

"చేరతాది. కానీ అంత కాలం కాపురం చేసి, పెండ్లాం యాడుండాదో తెలీని మొగుడ్ని నేనొక్కణ్ణే. వచ్చే ఏటికి నేనుంటానో లేదో. ఈతూరి ఆమె ఎదురుగా చదవాల."

అందుకే ఈ కొత్త యాప్. గండి కొండల్లో నడకకు పోయే స్నేహితురాలు నాగలత చెబితే కౌసర్ ఎక్కించుకుంది. రోడ్డు లేని చోటైనా మన దారి మనమే గీసుకోవచ్చు. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏళ్ళ కిందట ఆకాశం నుంచి తీసిన ఊరి ఫోటో అందులో దొరికింది.

"ఇదేంది పాపా, మన మిద్దె మీద తెల్లగా?"

కౌసర్ వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆరబోసిన దూది.

"మీయమ్మ ఆరబోసిందే," అన్నాడు వాహిద్. తర్వాత ఖబరస్తాన్ మూల మీద వేలు పెట్టాడు. "వేపచెట్టుకు పడమర. ఈడ గుర్తు పెట్టు. గేటు కాడ నుంచి గోడెంబడి చుట్టూ తిప్పు. ఇంకొకరి ఖబర్ల మీద నుంచి పోగూడదు."

మర్నాడు పొద్దున్నే అల్లుడు షఫీ ఆటోలో వాళ్ళను జమ్మలమడుగు దాటించి తీసుకెళ్ళాడు. తిరుపాల్ అప్పటికే వచ్చి ఎదురుచూస్తున్నాడు. గురవమ్మ కొడుకు. గొర్రెలు అమ్మేసినాక అక్కడ తిరగడమే అతని పని.

"నలుగురు వద్దు మామా. షఫీని ఈడనే ఉండమను," అన్నాడు. ఫోన్‌లో గీత చూసి తల గోక్కున్నాడు. "ఇన్ని వంకర్లేంది అక్కా? గాలి లేచేలోగా వచ్చేయాల మనం. నేరుగా తీస్కపోతా."

"నేరుగా పోతే మీ ఇంట్లో నుంచి పోవాలప్పా," అన్నాడు వాహిద్. "మీయమ్మ లేనప్పుడు మీ ఇంట్లోకి ఎట్లా పోయేది?"

"సరే మామా, ఆ గీత మీదనే పోదాం," అన్నాడు తిరుపాల్.

ముగ్గురూ బయల్దేరారు. కౌసర్ ఫోన్ చూస్తూ చెబుతోంది. "పీర్ల చావిడి... ఎడమకు తిరుపాలూ. ఇది మీ వాకిలి."

తిరుపాల్ అక్కడ కాస్త నిదానించాడు. తల తిప్పుకుని భుజంతో మొహం తుడుచుకున్నాడు. చెమటో ఏమో కౌసర్ అడగలేదు.

బడి గోడ దాటారు. ఎండ ఎక్కుతోంది. తిరుపాల్‌కు ఆయాసం వస్తోంది.

"గేటు వచ్చింది నాయనా."

వాహిద్ చెప్పులు విడిచాడు. ఖబరస్తాన్‌లోని అందరికీ సలాం చెప్పాడు. అక్కడి నుంచి గోడ వెంబడే, ఎవరి ఖబరూ దాటకుండా, చుట్టూ తిరిగి వెళ్ళారు. ఫోన్ చిన్నగా మోగింది. తిరుపాల్ ఆగాడు.

"ఇదేనా పాపా?"

"ఇదే. అమ్మ నీకెదురుగానే ఉండాది."

వాహిద్ లేచి నిలబడబోయాడు. తిరుపాల్ భుజం పట్టి ఆపాడు. "కూర్చోనే చదువు మామా."

ముసలాయన చేతులెత్తి, తడబడకుండా, చివరిదాకా ఫాతిహా చదివాడు. తర్వాత తల వంచి, పక్కింటివాళ్ళకు వినిపించకూడదన్నట్టు మెల్లగా మాట్లాడాడు.

"పోయినేడు యాడ్నో చదివి పోయినా షాహీదా. మనసులో పెట్టుకోవద్దు. ఈతూరి సరిగ్గా నీ కాడికే వచ్చినా."

కౌసర్ పూల పొట్లం విప్పి చేతిలో పెట్టింది.

పుట్టి పడవ అంచు మీంచి వంగి, ఊరిని ముంచిన డ్యాము నీళ్ళలోకి ఆయన పూలను వదిలాడు.