తగిలింది

“పెన్షనా? ఈ వయసుకే పెన్షనేంటమ్మా?” వార్డు గుమ్మంలో నర్సు ఆ అమ్మాయి భుజానున్న పొడుగు సంచీని పట్టుకుని ఆపింది.

“పెన్షన్ కాదు సిస్టర్, ఫెన్సింగ్. కత్తి ఆట. ఆ కిటికీ పక్క మంచం మీదున్నది మా మాస్టారు.”

“ఇక్కడ కత్తి పని మా డాక్టర్లది. మీరు కూడా మొదలెట్టకండి.”

మంచం మీద మాస్టారు పకపకా నవ్వాడు. “రావే ఛాంపియనూ! ఎందర్నో పడగొట్టినవాణ్ణి, బాత్రూంలో సబ్బుబిళ్ళ చేతిలో ఓడిపోయాను.”

నవ్వుకి కుడిచేతిలోని వేడి టీ ఒలికి ఎడమచేతి మీద పడింది. ఆయన నవ్వైనా ఆపలేదు. పక్కన కూర్చున్న ఆయన భార్యే గాభరాగా తుడిచింది. మనిషి ఉక్కే, అనుకుంది ఛాంపియన్.

కాలేజీ పోటీల్లో వరసగా మూడేళ్ళు గెలిచింది. జాతీయ పతకాలు ఇంట్లో మేకుకి వేలాడుతున్నాయి. రానిదల్లా ఒక్క మాట. పాఠం చివర మాస్టారు కళ్ళు మూసుకుని నిలబడేవాడు. కత్తి మొండిమొన ఆయన గుండె మీద తేలిగ్గా, సూటిగా ఆనాలి. కుదిరితే ‘తగిలింది’ అంటాడు. ఇన్నేళ్ళలో ఆమెను “గుచ్చావు” అన్నాడు, “గుద్దావు” అన్నాడు, “తగలడ్డావు” అని కూడా అన్నాడు. అదొక్కటే అనలేదు.

“మోకాలు పోయింది మాస్టారూ. ఇంక ఆడకూడదట. రేపట్నుంచి నేను మాజీని.”

“మాజీలోనూ ‘జీ’ ఉందిగా, గౌరవమే.” తన జోకుకి తనే నవ్వకపోవడం ఆయనకదే మొదటిసారి.

“ఒక్కసారి... చివరిసారి చూస్తారా?”

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?” అంటూ భార్య లేవబోయింది. ఆయన కంటితోనే ఆవిడను ఆపి, ఆ కళ్ళు మూసుకున్నాడు.

“రా.”

ఛాంపియన్ కత్తి తీసింది. ఒంటికాలి మీద బరువు మోపి చెయ్యి చాచింది. చొక్కా ఎడమ జేబు మీద మొన ఆనింది. మాస్టారు ఉలకలేదు, పలకలేదు.

“మాస్టారూ?”

“తగిలింది,” అన్నాడాయన.

కత్తి జారి నేల మీద పడింది. ఆమె మంచం పట్టె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. భార్య గోడకేసి తిరిగింది.

చప్పుడుకి నర్సు పరుగెత్తుకొచ్చింది. “ఏంటమ్మా ఈ గోల?”

“మాస్టారు ఒప్పుకున్నారు సిస్టర్! కళ్ళు మూసుకునే చెప్పారు! ఇదిగో, సరిగ్గా ఇక్కడే, గుండె మీదే తగిలిందని!”

నర్సు అయోమయంగా ఆ ఎడమ జేబు వంక చూసింది.

“పడిపోయినప్పట్నుంచీ ఆ పక్క ఆయనకి స్పర్శే లేదు కదమ్మా.”