గొంతు దాటని మాట

“మళ్ళీ మొదట్నించి. నేను డ్రైవర్ని. ఇప్పుడే బస్సు డిపోలో పెట్టొచ్చాను. ఊఁ, అడుగు,” అంది నర్సు, కుట్టుమిషన్ పక్కనున్న స్టూలు మీద కాళ్ళు బారజాపి, లేని మీసం దువ్వుతూ.

దర్జీ చేతిలో కత్తెరతో బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఇంతమందికి కొలతలు తీసి బట్టలు కుట్టిన మనిషి, ఒక్క మాట దగ్గర తడబడుతోంది.

“ఏమండీ... అది... భోంచేశారా?”

నర్సు నెత్తి కొట్టుకుంది. “పొద్దుట్నించి ఆయన చేత ఎన్నిసార్లు భోంచేయిస్తావు?”

దర్జీకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. వచ్చే వారమే రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి. డ్రైవరంటే ప్రాణం. కానీ నర్సు పట్టుబట్టి కూర్చుంది. పెళ్ళికి ముందే ఇద్దరూ రక్తపరీక్షలు చేయించుకోవాలి, అన్నీ తేలేదాకా కండోమ్ వాడాలి. ఆ సంగతి దర్జీయే నోరు విప్పి చెప్పాలి.

“ఈ వయసులో కడుపొస్తుందన్న బెంగ నాకు లేదుగా. ఇంక అదెందుకు?”

“దానికి అదొక్కటే పనా? జబ్బులు రాకుండా ఎవరు ఆపుతారు?”

“ఊళ్ళు తిరిగేవాణ్ణని అనుమానిస్తున్నావా అంటే?”

“అనడు.”

“ఇవన్నీ నీకెలా తెలుసంటే?”

నర్సు మీసం దువ్వడం మానేసింది. “అదీ నీ అసలు భయం. మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళకి జబ్బుల సంగతి తెలియక కాదు. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని నోరు మూసుకుంటారు. గోడ నిండా భయపెట్టే బొమ్మలు అంటించాం. అందరూ వాటికే వీపు ఆనించి కూర్చుంటారు.”

“మరేం చెప్పను?”

“జబ్బు పేరే ఎత్తకు. ‘మీ మీద నమ్మకం లేక కాదు. ఇంత ఆలస్యంగా దొరికారు, ఎక్కువకాలం కలిసుండాలని’ అను.”

“ఆ మాటకి పెళ్ళి చెడిపోతే?”

“మొదటి పెళ్ళిలో నోరు మెదపలేదు కదా, చెడకుండా నిలిచిందా?” నర్సు గొంతు తగ్గింది. “ఆయన తెచ్చిన జబ్బుకి నువ్వు మందులు మింగావు. జ్వరం మాత్రలని ఇంట్లో అబద్ధం చెప్పి మరీ.”

దర్జీ కత్తెర కింద పెట్టింది.

అంతలో గుమ్మం ముందు చెప్పుల చప్పుడైంది. నర్సు గభాలున లేచి, బట్టలు మార్చుకునే గది కర్టెన్ వెనక్కి దూరింది.

లోపలికొచ్చిన డ్రైవరు ఇస్త్రీ చొక్కా అప్పుడే చెమటకి తడిసిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“భోంచేశారా?” అంది దర్జీ.

కర్టెన్ వెనకనించి చిన్న దగ్గు వినిపించింది.

“చేశాను. నీతో ఒక మాట...”

“నాకూ మీతో ఒక మాట...”

“నువ్వే ముందు చెప్పు.”

దర్జీ కళ్ళు గట్టిగా మూసుకుంది. “మీ మీద నమ్మకం లేక కాదు...”

“...ఇంత ఆలస్యంగా దొరికావు, ఎక్కువకాలం కలిసుండాలని,” పూర్తి చేశాడు డ్రైవరు.

దర్జీ కళ్ళు విచ్చుకున్నాయి. “మీకెలా తెలుసు?”

“వారం నించి అద్దం ముందు బట్టీ పడుతున్నాను. నేనే ముందడిగితే, ఈయనకేదో రోగం ఉంది కాబోలు అనుకుంటావని భయం. ఉండబట్టలేక క్లినిక్‌కి వెళ్ళి, ఎలా చెప్పాలో నేర్పమని బతిమాలాను. నా పరీక్ష అయిపోయింది. మూడు నెలలకి ఇంకోటి ఉందట.” చెవులు ఎర్రబడుతుండగా చొక్కా జేబు తడుముకున్నాడు. “అప్పటిదాకా కావలసినవి కూడా... కొనేశాను.”

ఇద్దరూ ఒక్కసారే కర్టెన్ వైపు తిరిగారు. నర్సు కడుపు పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చింది.

“మనిషికో డైలాగు రాసే తీరిక నాకెక్కడిది?”

దర్జీ చేతికందిన గుడ్డపీలికలన్నీ ఆమె మీదికి విసిరింది. విసురుతూనే నవ్వింది. గుండెల మీదనుంచి పెద్ద బరువు దిగిపోయినట్టుంది.

“నువ్వు లేకపోతే మా ఇద్దరికీ నోరు పెగిలేది కాదు,” అన్నాడు డ్రైవరు.

“రేపు పొద్దున్నే ఈవిణ్ణి పరీక్షకి తీసుకురండి సార్.”

“ఇంకా సారేమిటి?”

“మరేమని పిలవను?”

అతను దర్జీ వైపు చూశాడు. నర్సూ చూసింది. దర్జీ కళ్ళు తుడుచుకుంటూ తలూపింది.

“అమ్మ ఒప్పుకుంది, ఇక ‘నాన్నా’ అనే పిలుస్తాను.”