తిప్పి పంపిన లెక్క

"పేజీ ఇయ్యాల గూడ తెరుసుకుంటలేదట. జర జూడు భూపాలన్నా."

పక్క క్వార్టరు సర్వర్ గడప బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. మొదటి షిఫ్టు దిగి నేరుగా ఇటే వచ్చినట్టున్నాడు, చెవుల వెనక బొగ్గుమసి ఇంకా పోలేదు. భూపాల్ అతని మొహం చూడకుండా గోడవారన బల్ల మీదున్న పెట్టె దగ్గరికి వెళ్లి వంగాడు. వెనక ఉన్న తీగను ఒకసారి పీకి, మళ్లీ పెట్టాడు. పీకాల్సిన పనేమీ లేదు.

"లైనే సుస్తుగున్నది భాయ్. రేపటికి తెరుసుకుంటది."

"చౌరస్తల నెట్ సెంటర్‌కు తోల్కపోనా బిడ్డను?"

"ఎందుకు? రేపొక్కరోజు జూడు."

సర్వర్ సరేనని వెళ్లిపోయాడు. ఇంకో మాట అడగలేదు. అదే భూపాల్‌కు గుచ్చుకుంది.

ఇద్దరిదీ ఒకే గని, పక్కపక్క క్వార్టర్లు. సర్వర్ మైనింగ్ సర్దార్. కర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడు విని, మనిషి కింద నడవొచ్చో లేదో చెప్పడం అతని పని. అతను "పో" అన్నాడంటే ఎలక్ట్రీషియన్ భూపాల్ తలెత్తి చూడకుండా కేబుల్ భుజాన వేసుకుని పోయేవాడు. పదహారేళ్లుగా అంతే.

బల్ల మీది పెట్టె, రెండేళ్ల కింద పాత సామాను వేలంలో దొరికిన కంప్యూటర్. దానికి ఇంకో నెట్‌వర్క్ కార్డు తగిలించి, పుస్తకం ముందేసుకుని, భూపాలే దాన్ని రౌటర్ చేశాడు. తన ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ను గోడ మీదుగా సర్వర్ ఇంటికీ ఇచ్చాడు. లోపల ఫైర్‌వాల్ పెట్టాడు. అది గని గేటు దగ్గర కాపలాదారు లాంటిది. ఎవరింటి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు అని చూసి వదులుతుంది, వద్దని రాసి ఉంటే తిప్పి పంపుతుంది. తిప్పి పంపిన ప్రతిసారీ ఆ రూల్ పక్కన అంకె పెరుగుతుంది.

పోయిన ఆదివారం అందులో ఒక కొత్త రూల్ రాశాడు.

కరీంనగర్‌లో ఒక నర్సింగు కాలేజీ, గని కార్మికుల ఆడపిల్లలకని ఒకే ఒక్క సీటు, మార్కులను బట్టి, ఫీజు లేకుండా ఇస్తానంది. దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలి. భూపాల్ కూతురు సంతోషి, సర్వర్ కూతురు సాదియా ఒకే బెంచీలో చదివినవాళ్లు. సాదియాకు పదకొండు మార్కులు ఎక్కువ. ఈ సీటు రాకపోతే సంతోషిని బెల్లంపల్లి మేనబావకిచ్చి చేస్తానని భూపాల్ తన తల్లి లస్మవ్వకు మాటిచ్చి ఉన్నాడు. ఆ మాట విన్ననాటి నుంచి సంతోషి ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడితే గోడ అవతలి సాదియాతోనే.

సంతోషి దరఖాస్తు పంపేశాక, అదే చేత్తో ఆ రూల్ రాశాడు. సర్వర్ ఇంటి కంప్యూటర్‌కు ఆ కాలేజీ పేజీకి దారి లేదని. ముందు తన కంప్యూటర్ మీదే పెట్టి చూశాడు. పేజీ తెరుచుకోలేదు, పక్కన అంకె ఆరుకు పెరిగింది. రూల్ పనిచేస్తోందని తేలాక తన కంప్యూటర్ నంబరు తీసి సర్వర్ ఇంటిది రాశాడు. లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. ఆ తర్వాత ఆ జాబితా తెరవలేదు. ఆ పిల్ల ఎన్నిసార్లు తలుపు తట్టి వెనక్కి పోయిందో ఆ అంకె చెబుతుంది. అది చూసే గుండె అతనికి లేదు.

మర్నాడు సాదియాయే గోడ మీంచి పలకరించింది. "రోజుకు ఇరవైసార్లు కొడుతున్న కాకా, ఊకె తిరుగుతనే ఉన్నది." నవ్వుతూనే అంది. భూపాల్ లైను మీద ఇంకో అబద్ధం చెప్పి లోపలికి పోయాడు. ఆ సాయంత్రంతో గడువు అయిపోయింది.

సీటు సంతోషికి వచ్చింది. కబురు తెలిసి అందరికన్నా ముందు వచ్చింది సాదియానే. గిన్నెలో సేమియా ఖీరు తెచ్చి సంతోషి నోట్లో పెట్టింది.

"బెల్లంపల్లి బావను ఇగ ఇంకో పిల్లను జూసుకొమ్మనుర్రి కాకా."

లస్మవ్వ కూడా నవ్వింది. భూపాల్ తన వంతు ఖీరును తల్లి ముందుకు జరిపి లేచిపోయాడు.

వారం తర్వాత గనిలో సర్వర్ పైకప్పు తట్టి, విని, "పో అన్నా" అన్నాడు. భూపాల్ కదలకుండా తలెత్తి పైకి చూశాడు. తనలాంటివాడి మాటను నమ్మి ఒక మనిషి ఎలా నడుస్తాడా అని ఆలోచిస్తున్నాడు.

"ఏంది, నా మాట మీద నమ్మకం పోయిందా?" అని సర్వర్ నవ్వాడు. తర్వాత నెమ్మదిగా, ఆ సీటు విషయంలో తప్పు తనదేనన్నాడు. "ఆ పొద్దే నెట్ సెంటర్‌కు తోల్కపోతే అయిపోతుండె. బిడ్డనే వద్దన్నది. కాక బాగు చేస్తడు, ఫికర్ జెయ్యకు అబ్బాజాన్ అన్నది."

భుజం మీది కేబుల్ జారి కింద పడింది.

"డ్యూటీ దిగినంక ఇంటికి రా భాయ్. నీకొకటి చూపెట్టాలె," అన్నాడు భూపాల్.

మధ్యాహ్నం సర్వర్ కంటే ముందే వచ్చి పెట్టెకు తెర తగిలించాడు. బ్యాటరీ ఉండబట్టి ఆ ఆదివారం నుంచి అది ఒక్క నిమిషం కూడా ఆగలేదు, లెక్క చెరిగిపోలేదు. రూల్‌నూ చూపిస్తాడు, పక్కనున్న అంకెనూ చూపిస్తాడు. యాభై కానీ, వంద కానీ, నీ బిడ్డను ఇన్నిసార్లు తిప్పి పంపింది నేనే అని తన నోటితోనే చెబుతాడు. ఆ తర్వాత సర్వర్ ఏమన్నా పడతాడు.

బయట చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. భూపాల్ మీట నొక్కాడు. జాబితా పైనుంచి ఒక్కొక్క వరుసే తెర మీదికి వచ్చింది. నాలుగోది తను రాసిన రూల్. సర్వర్ ఇంటి నంబరుతో, చెక్కు చెదరకుండా, రాసింది రాసినట్టే ఉంది.

దాని పక్కన అంకె సున్నా.