ఒకటో నంబరు

కిడ్నీ కోసం ఎదురుచూసేవారి జాబితాలో తన పేరు కనిపించడం లేదని లారీ డ్రైవరు ఆసుపత్రి కంప్యూటర్ గదికి వచ్చాడు.

"ఆరేళ్లుగా కాచుకుని ఉన్నానమ్మా. నేనేమన్నా పోయాననుకున్నారా?"

జాబితా చూసుకునే ఉద్యోగిని కంప్యూటర్‌లో వెతికి చూసింది. అతని ఫోన్ నంబరు మారినప్పుడు ఎవరో పేరు రెండోసారి ఎక్కించారు. ఒకే మనిషి రెండుసార్లు ఉంటే ఒకటి తీసేయాల్సిన ప్రోగ్రాం, రెండూ తీసేసింది. ఆ ప్రోగ్రాం రాసింది ఆమే.

"తప్పు నాదే. మళ్లీ ఎక్కిస్తాను."

"ఇవాళ్టి తేదీతోనా? అయితే నేను చిట్టచివరికి పోతాను కదమ్మా!"

ఇవాళ్టి తేదీ వేసినా అడిగేవాళ్లు లేరు. ఆమె జాబితాలో మొదటి పేరు ఒకసారి చూసింది. తర్వాత ఆరేళ్లనాటి తేదీ వేసింది. అతని పేరు అన్నిటికంటే పైకి వెళ్లింది. మిగిలినవారంతా ఒక్కో మెట్టు దిగారు.

"నీ కడుపు చల్లగుండ," అని డ్రైవరు వెళ్లిపోయాడు.

ఆమె ప్రోగ్రాం సరిచేసి, పై అంతస్తులోని డయాలసిస్ గదికి వెళ్లింది. మిషను పక్కన పడుకున్న తమ్ముడు కళ్లు తెరిచాడు.

"ఏంటక్కా, ఒకటో నంబరు నాదేనన్నావు. ఇంకా పిలవరేం?"

"నీది రెండు. జాబితాలో తప్పుంటే ఇప్పుడే సరిచేశాను."

తమ్ముడు మోచేతి మీద కొంచెం పైకి లేచాడు.

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశానురా."