చెవికి రెండున్నర రెట్లు

"ముందు చెవి చూడాలె సార్. చెవి ఆరంగుళాలు అనుకుంటే, కొమ్ము దానికి ఎన్ని రెట్లున్నదో అంచనా వెయ్యాలె," అన్నాడు శశికాంత్ మాస్కులోంచి.

"వాహ్! మీరు చెప్తుంటే ఇంకా వినాలనిపిస్తుంది సార్," అన్నాడు ఎదుటి మనిషి.

శశికాంత్ పొంగిపోయాడు. ఆ వెంటనే భయమూ వేసింది. పిల్ల మేనమామ ఊరికే ఎందుకు పొగుడుతాడు?

వాల్డార్ఫ్‌కు కాస్త దూరంగా, అడవిలో బాణాలు వేసుకునే చోటు అది. చెట్ల మధ్య ఒక ప్రాంగ్‌హార్న్ నిలబడి ఉంది. అమెరికా జింక. ఫోమ్‌తో చేసింది. జర్మనీలో బాణంతో వేట నేరం కాబట్టి, జనం ప్రాణం లేని జింకల్ని కొట్టి ముచ్చట తీర్చుకుంటారు.

శశికాంత్‌కు ఆ ముచ్చట లేదు. అతనికి కావలసింది చంద్రిక. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ అమ్మాయిని లాక్‌డౌన్ పుణ్యమా అని వీడియో కాల్‌లోనే చూశాడు, చూసిన రోజే పడిపోయాడు. ఆమె మాత్రం ఒకటే మాట అంది. "మా మామ ఊఁ అంటే నేను గూడ ఊఁ."

ఆ మామ వెంకటరామారావు. ఇరవై ఏళ్లుగా జర్మనీలోనే ఉంటున్నాడు, విల్లంటే పిచ్చి. ఫోన్లో మాట్లాడితే మనుషులు అందంగా అబద్ధాలాడతారని మెసేజ్‌లే పెడతాడు. ప్రొఫైల్‌లో తన మొహానికి బదులు బాణం బొమ్మ. "ఆదివారం పొద్దున ప్రాంగ్‌హార్న్ కాడికి రా. కొమ్ము చూసి సైజు చెప్పుడు నేర్చుకొని రా. మృగం మనల్ని చూడనప్పుడే దాని అసలు సైజు తెలుస్తది," అని రాశాడు.

శశికాంత్ ఆఫీసు మీటింగులు మ్యూట్‌లో పెట్టి వారమంతా వేట వీడియోలు చూశాడు. మంగలి షాపులు మూసేసి ఉండటంతో తనే జుట్టు కత్తిరించుకోబోయి, అది పాడై, చివరికి గుండు చేసుకున్నాడు. దాని మీద ఉన్ని టోపీ, మూతికి మాస్కు, ఆవిరి పట్టిన కళ్లద్దాలు. ఇలా వచ్చేసరికి జింక పక్కన విల్లు పట్టుకుని ఈయన నిలబడి ఉన్నాడు. తలకు టోపీ, మూతికి మాస్కు, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, ముందుకొచ్చిన పొట్ట. మామ కాక ఇంకెవరు?

"మెసేజ్‌లల్ల మాట్లాడుకున్నం గద సార్," అన్నాడు శశికాంత్.

"అవునవును సార్! మీ కోసమే చూస్తున్న," అన్నాడాయన రెండు చేతులూ జోడించి. ఎంత మర్యాదస్థుడో!

రెండిళ్ల మనుషులకు మించి కలవకూడదని రూలు, అందుకని అక్కడ వాళ్లిద్దరే. ఆకుపచ్చ టోపీ, మాస్కు పెట్టుకున్న ఎవరో జర్మన్ తాత కాబోలు, ఎదురుగా ఉన్న మంచె మీద కూర్చుని బైనాక్యులర్స్‌తో పిట్టల్ని చూస్తున్నాడు. ఆయన దగ్గినప్పుడల్లా వీళ్లిద్దరూ చెరో అడుగు వెనక్కి వేస్తున్నారు.

"మరి ఎంత ఉంటది సార్ ఇది?" అన్నాడు ఎదుటి మనిషి.

"చెవికి రెండున్నర రెట్లు. అంటే పదిహేను అంగుళాలు."

"నేను గూడ పదిహేనే అనుకున్న! కొమ్ముకు ముందుకొచ్చిన చీలిక చెవి కన్న పైకి ఉన్నది, మొదలు గూడ లావుగున్నది. ఏమన్న తప్పు చెప్పిన్నా సార్?"

దగ్గరికెళ్లి జానతో కొలిచారు. పన్నెండుకు మించలేదు. శశికాంత్ ఇంకోసారి జాన పెట్టాడు, అదే పన్నెండు.

"చలికి ముడుచుకున్నది సార్," అన్నాడాయన ఏ మాత్రం తడుముకోకుండా.

ఇక బాణాలు. ఆయన విల్లే తీసుకుని శశికాంత్ వేసింది పక్కనున్న చెట్టుకు గుచ్చుకుంది.

"గాలి సార్. మీ తప్పేం లేదు," అన్నాడాయన. ఆకు కూడా కదలడం లేదు.

ఆయన వేసిన బాణం జింక మీదుగా పోయి పొదలో పడింది. తన పరువు కాపాడటానికి కావాలనే తప్పించి ఉంటాడని శశికాంత్ కళ్లు చెమర్చాయి. ఇలాంటి మామ దొరకడం అదృష్టమే.

"నేను మందు ముట్ట సార్," అన్నాడాయన ఉన్నట్టుండి.

శశికాంత్‌కు అర్థమైంది. పెద్దవాళ్లు సూటిగా అడగరు, తమ మీద పెట్టి లాగుతారు.

"నేను గూడ ముట్ట సార్," అన్నాడు.

"లాక్‌డౌన్‌ల వంట గూడ నేర్చుకున్న. పప్పు, చారు, పచ్చిపులుసు," అన్నాడాయన.

"నేను దోశల పిండి గూడ రుబ్బుత సార్."

"ఇంట్ల గిన్నెలు గూడ నేనే కడుగుత."

"నేను బాత్‌రూమ్ గూడ కడుగుత సార్!"

ఆయన ఓడిపోయినట్టు తల దించుకున్నాడు. శశికాంత్ మనసులో ఈల వేసుకున్నాడు. మామ మెత్తబడ్డాడు. పెళ్లి మాట మాత్రం పెద్దవాళ్ల నోటి నుంచే రావాలి, మనం తొందరపడకూడదు. అందుకే చేతులు కట్టుకుని, ఆయన నోరు విప్పడం కోసం వినయంగా నిలబడ్డాడు.

ఆయనా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా జింక ఎటో చూస్తోంది. మంచె మీది తాతకు మళ్లీ దగ్గు తెర వచ్చింది. ఈసారి అందులో నవ్వు కలిసినట్టుంది, బైనాక్యులర్స్ కూడా పిట్టల మీద గాక వీళ్ల మీదే ఉన్నాయి.

చివరికి ఎదుటి మనిషే ఉండబట్టలేకపోయాడు. టోపీ తీసి, మాస్కు గడ్డం కిందికి లాగాడు. జుట్టు ముందే నెరిసింది గానీ, మాస్కు వెనక ముప్పై దాటని మొహం ఒకటి బిక్కుబిక్కుమంటోంది.

"ఇగ నన్ను పరీక్ష పెట్టకుండ్రి సార్, మీ మేనకోడలిని నాకిస్తరా?"