మునెయ్య గురువు

"సార్, ఆ మాట నాది కాదు. నేను రంగు మాత్రమే ఏసినా," అన్నాడు మునెయ్య, తన ఇంటి ముందు కూర్చుని కుంచెను కిరసనాయిల్లో ముంచి కడుగుతూ.

ధనంజయ నమ్మలేదు. ఆయన తిరుపతిలో తెలుగు లెక్చరరు. ఏ సూక్తిని మొదట ఎవరన్నారో తేల్చి పుస్తకం వేయాలని ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు. ఒకరి మాటను ఇంకొకరికి అంటగడితే ఆయనకు అన్నం సహించదు. ఇప్పుడు ఆయన ప్రాణం తోడేస్తున్నది ఒకే ఒక్క మాట: 'రేపన్న మాటతో పొయ్యి రాజుకోదు.' పెళ్లిపత్రికల్లో, లారీల వెనక, బెంగళూరులో అచ్చయిన క్యాలెండర్ల మీద, ఎక్కడ చూసినా అదే. కింద మాత్రం 'చైనా తత్వవేత్త' అని ఉంటుంది. తీగ లాగుతూ పోతే పలమనేరు పాలకేంద్రం గోడ దగ్గర డొంక కదిలింది. అన్నిటికంటే పాత రాత అదే. దాని మూలన 'మునెయ్య' అని ఉంది.

"మరి కింద నీ పేరెందుకుంది?"

"గోడ రాసినోడు మూలన పేరు పెట్టుకుంటాడు గదా సార్. పక్క గోడ మీద పళ్లపొడి కిందా నా పేరే ఉండాది. పళ్లపొడి నేను జేసినానా?"

ధనంజయకు నవ్వొచ్చింది. "సరే, నువ్వెక్కడ చూసి రాశావో అది చెప్పు."

మునెయ్య ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించాడు. "యాడా సూడలేదు సార్. పాలకేంద్రమోళ్లు ఏదన్నా మంచిమాట రాయప్పా అన్నారు. మా గురువుగారు ఆ పొద్దే ఆ మాటన్నారు. రాసేసినా. అన్ని గోడలూ అంతే. వారి నోట్లోంచి రాలిందల్లా గోడకెక్కిస్తా."

"గురువుగారా!" ధనంజయ సున్నం రాలిన గోడకు ఆనుకున్నవాడల్లా నిటారుగా లేచాడు. "పేరు?"

"సెప్పలేను సార్. వారి మాటలు ఇట్లా గోడలకెక్కినాయని వారికే తెలీదు. తెలిస్తే నన్ను గడప తొక్కనీరు."

"ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు కదా?"

"వారు సదవరు. పుస్తకమే ముట్టరు."

"జ్ఞానికి పుస్తకం దేనికయ్యా!" ధనంజయ చేతులు జోడించాడు. "'ఊరందరి గోడలు మెరిపించేవాడు తన గోడ చూసుకోడు' అని బస్టాండు దగ్గర రాశావే, అదీ వారిదేనా?"

"వారిదే."

"ఆహా! మనిషి తన లోపలికి తాను చూసుకోవాలని ఎంత సూటిగా చెప్పారు! ఇప్పుడు దర్శనం దొరుకుతుందా?"

"నిన్నటి నుంచి మౌనంలో ఉండారు." మునెయ్య నిట్టూర్చాడు. "మల్లెపూలు సమర్పించుకోవాల. ఒక్కోసారి దానికీ కరగరు. అయినా మౌనమే మేలు సార్. కోపమొస్తే ఎదురుగా నిలబడలేం."

"మహాత్ముల కోపం మన మేలుకే," అన్నాడు ధనంజయ.

"ఆ సంగతి నాకంటే ఎవురికి తెలుసు!"

ఇంతలో మునెయ్య భార్య వరదమ్మ వచ్చి, అతిథి ముందు మజ్జిగ గ్లాసు పెట్టి, తలొంచుకుని లోపలికి వెళ్లిపోయింది. మునెయ్యకు మజ్జిగ రాలేదు. ఎంత అణకువ గల ఇల్లాలు అనుకున్నాడు ధనంజయ, గ్లాసు అందుకుంటూ.

తాగడం పూర్తయ్యాక అసలు సంగతి చెప్పాడు. "ఆదివారం తిరుపతిలో సభ పెట్టాం. నీకే శాలువా కప్పాలనుకున్నాను. ఇక అది గురువుగారికే దక్కాలి. ఆయన్ను ఆ రోజు తీసుకురా. మనిషి కనబడకుండా, పేరు తెలియకుండా నేను పుస్తకంలో వేయలేను. వేయకపోతే ఆ మాట చైనావాడి పేరు మీదే ఊరేగుతుంది."

"చైనావోడా?" మునెయ్యకు ఒళ్లు మండింది. "వాడు పలమనేరుకెప్పుడొచ్చినాడు సార్?"

"నేనూ అదే అంటున్నాను. రుజువు నీ దగ్గరుంది."

ఆయన వెళ్లిపోయాక మునెయ్యకు ఏ పనీ సాగలేదు. ఎరుపు కలపబోయి పసుపు కలిపాడు. ఒక షాపు బోర్డులో అక్షరం మింగేసి తిట్లు తిన్నాడు. గురువుగారి చేతి ఉప్పు తిని, వారి మాటతో ఊళ్లో పేరు తెచ్చుకుని, ఎవడో దేశంకానివాడు దాన్ని కొట్టుకుపోతుంటే చూస్తూ కూర్చోవడమా? సిగ్గుగా అనిపించింది. చెబుదామంటే భయం. ఇన్నాళ్లూ చెప్పకుండా వాడుకున్నందుకు గురువుగారు ఊరుకుంటారా?

ఆదివారం సభ జనంతో నిండింది. వేదిక మీద కాషాయం గుడ్డ పరిచిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. పక్కన పళ్లబుట్ట. మునెయ్య రాగానే ధనంజయ ఎదురెళ్లాడు. వెంట వరదమ్మ తప్ప ఎవరూ లేరు.

"గురువుగారు రాలేదా?"

"వచ్చినారు సార్."

జనమంతా వాకిలివైపు తిరిగారు. గడ్డమున్న ప్రతి మనిషినీ ధనంజయ ఆశగా చూశాడు. ఒక ముసలాయన్ను పలకరించబోయాడు కూడా. ఆయన మైకు సెట్టు మనిషని తేలింది.

వరదమ్మ మొగుడి చొక్కా పట్టి లాగింది. "తిరుచానూరు అమ్మవారి దర్శనమని సెప్పి ఈడికెందుకు పిల్చుకొచ్చినావు?"

ఇంటికి పోయాక ఏమైతే అది కానీ అనుకుని మునెయ్య వేదికెక్కాడు, ఆమె చెయ్యి వదలకుండానే. ధనంజయ చేతిలోని శాలువా అడిగి తీసుకున్నాడు.

"అయ్యలారా, ఆ మాటలు చైనావోడివి గావు, నావీ గావు. అన్నీ మా గురువుగారు నన్ను బాగుజెయ్యాలని అన్నవే," అన్నాడు. "వారు లేకుంటే నాకు బతుకే లేదు."

శాలువాను వరదమ్మ భుజాల మీద కప్పాడు.