నక్షత్రం గుర్తున్న ప్రశ్న

“నువ్వే అడగాలా అమ్మా? ఈ ఒక్క ప్రశ్న ఇంకెవరికైనా ఇద్దామా?”

సీతారావమ్మ టీచర్ గొంతు తగ్గించి అడిగారు. హేమ తల అడ్డంగా ఊపింది. చేతిలో కాగితం చెమటకి మెత్తబడిపోయింది.

“ముందు వరసలో ఎవరు కూర్చుంటారో తెలుసుగా?”

“తెలుసు టీచర్.”

“పోనీ, సాయంత్రం నాతో తెనాలి వచ్చేయి. రెండు రోజులు మా ఇంట్లో ఉందువుగాని.”

“వద్దు టీచర్. ఇంటికే వెళ్తాను.”

రేపల్లె దగ్గరి ఆ హైస్కూల్లో ఇవాళ యువ పార్లమెంటు పోటీ. రెండు తరగతి గదుల మధ్య చెక్క తలుపులు తీసేసి లోక్‌సభ చేశారు. స్పీకరుకి కుడిపక్క ప్రభుత్వం, ఎడమపక్క ప్రతిపక్షం. మార్కులు వేయడానికి బాపట్ల నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. ముఖ్య అతిథి కాంట్రాక్టరు గోపాలకృష్ణగారు. బడికి ఫ్యాన్లు ఇచ్చింది ఆయనే. ఊరి బయట మురుగు కాలువ మీద కల్వర్టు కట్టిందీ ఆయనే.

ఆగస్టు వానల్లో ఆ కల్వర్టు పిట్టగోడ కూలింది. దానికి సైకిలు ఆనించి నిలబడ్డ శిల్ప కాలువలో పడిపోయింది. మూడో రోజున దొరికింది. తరగతిలో హేమ పక్క చోటు శిల్పది.

“మన ఊరి కల్వర్టు సంగతి లోక్‌సభలో అడగకూడదమ్మా. అక్కడ కేంద్రం పనులే అడగాలి,” అన్నారు టీచర్, పదిహేను రోజుల కిందట.

“ఆ రోడ్డు ఢిల్లీ డబ్బుతో వేసిందే టీచర్. బోర్డు మీద రాసుంది.”

టీచర్ పెన్ను తీసుకున్నారు. ప్రశ్న పక్కన ఎర్రసిరాతో నక్షత్రం వేశారు. నక్షత్రం ఉంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద సభ్యులు ఇంకో ప్రశ్న అడగవచ్చు. ఈలోగా ప్రశ్నల సమయం అయిపోతే, రాసిన జవాబు బల్ల మీద పెట్టేస్తారు. అది ఎవరికీ వినపడదు.

హేమది ఐదో ప్రశ్న.

ముందుగా సంతాప తీర్మానం. నిజం మనుషుల పేర్లు వాడొద్దని హెడ్మాస్టరుగారు చెప్పారు. అందుకని ఎన్నడూ పుట్టని ఒక మాజీ సభ్యుడి కోసం అందరూ లేచి నిలబడ్డారు. లేని మనిషి కోసం పిల్లలు ఎందుకు ఏడుస్తున్నారో బాపట్ల అధికారులకి అర్థం కాలేదు.

ప్రశ్నలకి ఇరవై నిమిషాలు. ఎరువులు అయ్యాయి. రైళ్ళు అయ్యాయి. మూడో ప్రశ్నకి ప్రతిపక్ష నాయకుడు మనోజ్ గొడవ మొదలుపెట్టాడు. స్క్రిప్టులో ఆ గొడవ రెండు నిమిషాలే. చప్పట్లు పడేసరికి వాడికి హుషారొచ్చింది.

“కూర్చోరా! టైమైపోతోంది,” టీచర్ తలుపు పక్కనుంచి కసిరారు.

“ప్రతిపక్ష నాయకుణ్ణి టీచర్! రా అనకూడదు!”

సభంతా గొల్లుమంది. గోపాలకృష్ణగారు కూడా నవ్వారు. నవ్వుతూనే హేమ వైపు చూశారు. వేలి ఉంగరం మెల్లగా తిప్పుతున్నారు. ఆ తిప్పడం ఆగితే ఏమవుతుందో హేమకి తెలుసు.

మనోజ్ ఇంకాస్త అరిస్తే బాగుండుననిపించింది. గడియారం గట్టెక్కిస్తుంది. ఎవరూ తనని తప్పు పట్టరు. పక్కన ఖాళీ కుర్చీ కనపడి తల దించుకుంది.

నాలుగో ప్రశ్న నిమిషంలో తేలిపోయింది.

“ఐదో ప్రశ్న. గౌరవ సభ్యురాలు హేమ,” స్పీకరు మాధురి పిలిచింది.

హేమ లేచింది. కల్వర్టు పిట్టగోడ ఎందుకు కూలిందో ప్రభుత్వం తెలుపుతుందా అని గబగబా చదివేసింది.

మంత్రి జీవన్ కుమార్ కాగితం చూసి అప్పజెప్పాడు. “అధ్యక్షా, గోడ నిబంధనల ప్రకారమే కట్టారు. భారీ వర్షాల వల్ల కూలింది.”

గోపాలకృష్ణగారు తలాడించారు. స్క్రిప్టు అక్కడితో సరి. హేమ ధన్యవాదాలు చెప్పి కూర్చోవాలి.

“అధ్యక్షా, అనుబంధ ప్రశ్న.”

జీవన్ కాగితాలు తిరగేశాడు. “ఏయ్, ఇది లేదు కదే!”

“ఎస్టిమేటులో పిట్టగోడకి ఇనప చువ్వలు రాసి ఉన్నాయి. కూలిన గోడలో ఒక్క చువ్వ కూడా లేదు. అవి ఏమయ్యాయో మంత్రిగారు చెప్పాలి.”

ఉంగరం ఆగింది. గోపాలకృష్ణగారు లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది.

“ఎవరు నేర్పారు నీకిది? ఆ టీచరేనా?”

మాధురి గంట కొట్టింది. “ప్రేక్షకులు సభలో మాట్లాడకూడదండి. కూర్చోండి.”

“ఏంటి? నన్నా?”

“రూలు అదేనండి,” అన్నాడు బాపట్ల అధికారి, కాగితం మీంచి తలెత్తి.

గోపాలకృష్ణగారు కూర్చోలేదు. రెండడుగులు ముందుకొచ్చారు. టీచర్ పరుగున వచ్చి హేమ వెనక నిలబడ్డారు. హేమ బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది.

“ఏవీ? ఆ చువ్వలు ఎక్కడున్నాయో నువ్వు చూశావా? చెప్పు, అందరూ వింటారు!”

“మన మేడ మీద గది స్లాబులో ఉన్నాయి నాన్నా.”